పాత ఇటాలియన్ క్రోమ్-గ్లాస్ ఫర్నిచర్ ఎలా ఎంచుకోవాలి, ఎలా చూసుకోవాలి

1960లు, 70లలో ఇటలీలో చేసిన క్రోమ్-గ్లాస్ టీపాయ్ ఒకటి ఎదురుగా పెట్టుకుని చూడండి, నాలుగు మెరిసే పైపులు, పైన ఒక గాజు పలక, అంతకు మించి ఏమీ ఉండదు, అయినా కళ్లు దాని మీదే ఆగిపోతాయి. నగిషీ లేదు, రంగు లేదు, చెక్క లేదు. నాకు అర్థమైనంతలో దీని ఆకర్షణ అంతా ఒకే విషయంలో ఉంది, చేసినవాడు దేన్నీ దాచలేడు. చెక్క బల్లలో జాయింట్ కాస్త తేడా వస్తే వడ్రంగి లప్పం పెట్టి పాలిష్ కొట్టేస్తాడు, ఎవరికీ తెలీదు, కానీ గాజు కింద ఉన్న ప్రతి స్క్రూ, ప్రతి వెల్డింగ్ పైనుంచే కనపడిపోతుంది. అందుకని ఆ డిజైనర్లు గాజుని లోహం మీద ఎక్కడ కూర్చోబెట్టాలి, ఎలా పట్టుకోవాలి అన్నదాన్నే డిజైన్‌గా మార్చేశారు. మీరు కొనాలనుకున్నా, ఆల్రెడీ ఇంట్లో ఉన్నదాన్ని బాగుచేసుకోవాలన్నా ముందు చూడాల్సింది ఆ కలిసే చోటే. ఈ గైడ్ అంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

ముందు కొన్ని మంచి పీసులు చూసి కన్ను అలవాటు చేసుకోండి

ఈ స్టెప్ చాలామంది వదిలేసి డైరెక్ట్‌గా రేట్లు వెతకడం మొదలుపెడతారు. దయచేసి అలా చేయొద్దు. ఒక వారం పాటు రోజూ కాసేపు ఫోటోలు చూడండి చాలు, మంచిదేదో మామూలుదేదో మీకే తెలిసిపోతుంది.

ఇటలీలో ఈ కథ 1930లలోనే మొదలైంది. జర్మనీలో బౌహౌస్ అనే డిజైన్ స్కూల్లో మార్సెల్ బ్రూయర్ 1925లో స్టీల్ పైపు వంచి కుర్చీ చేశాక ఆ పద్ధతి ఇటలీకి కూడా పాకింది. కోమో ఊళ్లో జుసెప్పె తెరాన్యి అనే ఆర్కిటెక్ట్ 1936లో పూర్తయిన కాసా దెల్ ఫాషో బిల్డింగ్‌కి (అది అప్పటి ఫాసిస్ట్ పార్టీ ఆఫీసు) స్టీల్ పైపు కుర్చీలు కూడా తనే డిజైన్ చేశాడు. అదే టైంలో, 1932లో, మిలాన్‌లో ఫోంటానా ఆర్తె కంపెనీకి పియెత్రో కియేజా ఒక టేబుల్ చేశాడు, ఒకే ఒక మందపాటి గాజు పలకని రెండు చివర్లా కిందకి వంచేసి అవే కాళ్లుగా వదిలేశాడు. జాయింట్ అన్నదే లేదు! దాని పేరు కూడా ఫోంటానానే, ఇవాళ్టికీ తయారవుతోంది. గాజు ఒక్కటే బల్ల అవ్వగలదని చూపించిన పీస్ అది, అందుకే ముందు దాన్ని చూడమంటాను.

తర్వాత యుద్ధం, ఆ తర్వాత ఇటలీ ఆర్థికంగా ఒక్కసారిగా ఎదిగిన రోజులు. మిలాన్‌కి, కోమోకి మధ్యన ఉండే బ్రియాంజా ప్రాంతంలో చిన్న చిన్న ఫర్నిచర్ వర్క్‌షాపులు వందల్లో ఉండేవి, డిజైనర్ గీసిన బొమ్మ పట్టుకుని వెళ్తే చేతిపని తెలిసినవాళ్లు కూర్చుని మాట్లాడి చేసిపెట్టేవాళ్లు. 1961లో మిలాన్‌లో సలోనె దెల్ మోబిలె ఫర్నిచర్ ఎగ్జిబిషన్ మొదలైంది. ఇంకోపక్క ఇంగ్లాండ్‌లో పిల్కింగ్‌టన్ కంపెనీ కరిగిన తగరం మీద గాజుని తేలించి పలకలు చేసే ఫ్లోట్ పద్ధతిని 1959లో ప్రకటించింది, దాంతో అంతకుముందు రెండు వైపులా అరగదీసి పాలిష్ చేస్తే గానీ రాని నున్నటి పెద్ద పలకలు మెల్లగా చవకయ్యాయి. పెద్ద గాజు పలక మామూలు ఇంటి హాల్లోకి రావడానికి ఇది కూడా ఒక కారణం.

ఇప్పుడు జాయింట్ దృష్టితో ఈ మూడు చూడండి.

మార్కో జానూసో 1969లో జానొత్తా కంపెనీకి చేసిన మార్కూసో టేబుల్. గాజు కింద ఫ్రేమే లేదు. గాజు అడుగున స్టీల్ బిళ్లల్ని జిగురుతో అతికించి, కాళ్లని ఆ బిళ్లలకి బిగించారు. పైనుంచి చూస్తే నాలుగు గుండ్రటి బిళ్లలు మాత్రమే కనపడతాయి, బల్ల మొత్తం ఆ నాలుగు చుక్కల మీద ఆధారపడి నిలబడింది. నాకు వీటన్నిట్లో బాగా ఇష్టమైనది ఇదే.

జాన్‌కార్లో పిరెత్తి 1967లో బొలోన్యాలోని కాస్తెల్లి కంపెనీకి చేసిన ప్లియా మడత కుర్చీ. ఇది గాజు కాదు, పారదర్శకమైన ప్లాస్టిక్, కానీ చూపు అదే. మొత్తం కుర్చీ మూడు లోహపు బిళ్లలున్న ఒక్క కీలు మీద తిరుగుతుంది, మడిస్తే 5 సెంటీమీటర్ల మందానికి వచ్చేస్తుంది. లక్షల్లో అమ్ముడుపోయింది కాబట్టి పాతవి ఇప్పటికీ దొరుకుతాయి, మొదటిసారి కొనేవాళ్లకి ఇంతకన్నా మంచి పీస్ చెప్పలేను. న్యూయార్క్‌లోని మోమా మ్యూజియం కలెక్షన్‌లో కూడా ఉంది ఇది.

గాయె ఔలెంతి 1980లో చేసిన చక్రాల టేబుల్. ఫోంటానా ఆర్తె ఫ్యాక్టరీలో గాజు పలకల్ని అటూ ఇటూ జరిపే ట్రాలీలు చూసి, అలాంటి పెద్ద ఇండస్ట్రియల్ చక్రాలే నాలుగు తెచ్చి గాజు పలక కింద బిగించేసింది. క్రోమ్ లేదు కానీ లోహం గాజుని ఎలా మోయాలి అన్న ప్రశ్నకి అంత సూటి జవాబు ఇంకోటి లేదు.

ఇవి కాక బాగా తళతళలాడే లైన్ ఒకటుంది, క్రోమ్‌తో పాటు ఇత్తడి కూడా కలిపి చేసినవి. విల్లీ రిజో పేరు గుర్తుపెట్టుకోండి, నేపుల్స్‌లో పుట్టి పారిస్‌లో పెద్ద ఫోటోగ్రాఫర్ అయినాయన, 1960ల చివర్లో రోమ్‌లో తన ఇంటికి తనే ఫర్నిచర్ చేయించుకుంటే చూసినవాళ్లంతా మాకూ కావాలన్నారు. రొమేయో రేగా అనే డిజైనర్‌ది కూడా ఇదే దారి.

వెతకడం: "ఇటాలియన్" అన్న మాట నమ్మేయొద్దు

మిలాన్‌లో చదువుకుంటున్న, పని చేస్తున్న మనవాళ్లుంటే నావిలియో గ్రాండే కాలువ పక్కన నెలలో ఆఖరి ఆదివారం పాత సామాన్ల సంత జరుగుతుంది, అక్కడ మొదలుపెట్టండి. అరెజ్జోలో నెలలో మొదటి ఆదివారం, దాని ముందు శనివారం జరిగే సంత ఇంకా పెద్దది, 1968 నుంచి నడుస్తోంది. అమెరికాలో డాలస్, న్యూజెర్సీ వైపు ఉన్నవాళ్లకి ఎస్టేట్ సేల్స్ బెస్ట్, పెద్దవాళ్ల ఇళ్లు ఖాళీ చేసేటప్పుడు సామానంతా అక్కడే అమ్మేస్తారు.

అమెరికాలో ఒక పెద్ద గందరగోళం ఉంది, చెప్పి తీరాలి. మందపాటి క్రోమ్ పట్టీలతో చేసిన టేబుల్స్, కుర్చీలు కనపడితే చాలు అమ్మేవాళ్లు "ఇటాలియన్ మోడ్రన్" అని రాసేస్తారు. వాటిలో చాలావరకు మైలో బామన్ డిజైన్లు, లేదా ఆయన స్టైల్‌లో చేసినవి. ఆయన పక్కా అమెరికన్, నార్త్ కరోలినాలోని థేయర్ కాగిన్ కంపెనీకి పనిచేశాడు. అవి చెడ్డవని కాదు, చాలా మంచి పీసులు, కానీ ఇటాలియన్ అని చెప్పి ఆ రేటు అడిగితే ఇవ్వకండి.

తేడా పట్టుకోవడానికి సులువైన దారి స్క్రూలు. టేబుల్‌ని తలకిందులు చేయించి ఒక బోల్టు విప్పి చూడండి, ఇటలీలో చేసినదైతే మెట్రిక్ సైజు ఉంటుంది, అంటే ఎం6, ఎం8 లాంటివి, అమెరికాలో చేసిన పాత పీసులో అయితే ఎక్కువగా అంగుళాల సైజు. జేబులో ఒక ఎం6 నట్టు, ఒక ఎం8 నట్టు పెట్టుకుని వెళ్లండి, చేత్తో తేలిగ్గా తిరిగితే మెట్రిక్. ఇది ఒక్కటే ఋజువు కాదు, జర్మనీ, ఫ్రాన్స్ సామాను కూడా మెట్రిక్కే, కానీ అబద్ధం మాత్రం తేలిపోతుంది. తర్వాత అడుగున స్టిక్కర్, లోహం మీద కొట్టిన ముద్ర, ప్లాస్టిక్‌లో అచ్చుపోసిన పేరు వెతకండి. ఏ ముద్రా లేకపోతే కంపెనీ పేరుకి డబ్బులివ్వకండి, పనితనానికి మాత్రమే ఇవ్వండి. పేరులేని బ్రియాంజా వర్క్‌షాపు టేబుల్ కూడా చాలా గొప్పగా ఉండొచ్చు.

క్రోమ్ చెక్ చేయడం

మనం క్రోమ్ అనుకునేది నిజానికి చాలా పలచటి పొర. స్టీల్ మీద ముందు నికెల్ వేస్తారు, దాని మీద క్రోమియం, ఆ పై పొర మైక్రాన్‌లో (మిల్లీమీటరులో వెయ్యో వంతు) సగం కూడా ఉండదు చాలాసార్లు. స్టీల్‌ని కాపాడేది ముఖ్యంగా కింద ఉన్న నికెల్, నీలిఛాయలో మెరిసేది మాత్రం క్రోమియం. కాబట్టి కొంచెం పసుపు కొట్టినట్టు వెచ్చటి మెరుపు కనపడితే పైన క్రోమ్ అరిగిపోయి నికెల్ బయటపడిందని అర్థం.

ఇంకో సంగతి, క్రోమ్ ఏ లోపాన్నీ కప్పదు, కింద స్టీల్ ఎంత బాగా పాలిష్ చేశారో అంతే అందంగా వస్తుంది. అందుకే టార్చ్ లైట్ కానీ ట్యూబ్ లైట్ కానీ పైపు మీద పడేలా పెట్టి ఆ వెలుగు గీత చూడండి. గీత తిన్నగా, తెగకుండా వెళ్తే పని బాగా చేశారు. వంకర్లు పోతే, ఆరెంజ్ తొక్కలా గరుకుగా కనపడితే చవక పని, లేదా తర్వాతెప్పుడో మళ్లీ ప్లేటింగ్ చేయించారు. పైపు వంగిన చోట లోపలి వైపు వేలు పెట్టి తడమండి, ముడతలు ఉండకూడదు. రెండు పైపులు కలిసే చోట వెల్డింగ్ గుబ్బలు కనపడకూడదు, మంచి వర్క్‌షాపుల్లో దాన్ని పూర్తిగా అరగదీశాకే ప్లేటింగ్‌కి పంపేవాళ్లు.

తర్వాత అయస్కాంతం. ఫ్రిజ్ మీద పెట్టుకునేది చాలు. అతుక్కుంటే క్రోమ్ వేసిన స్టీల్. అతుక్కోకపోతే స్టెయిన్‌లెస్ స్టీల్ అయ్యుండొచ్చు, లేదా ఇత్తడి మీద క్రోమ్ అయ్యుండొచ్చు, రెండూ మంచి వార్తలే, ఎర్ర తుప్పు భయం బాగా తగ్గుతుంది. చేతికి మరీ తేలిగ్గా, తట్టితే బోలు శబ్దం వస్తే ప్లాస్టిక్ మీద వేసిన మెరుపేమో అని అనుమానించండి. రిజో స్టైల్ రెండు రంగుల పీసుల్లో ఇత్తడిలా కనపడే భాగానికి అయస్కాంతం అతుక్కుంటే అది స్టీల్ మీద ఇత్తడి పూత, ఇంట్లో ఇత్తడి సామాన్లు తోమే పొడి దాని దగ్గరికి తీసుకెళ్లారంటే పూత మొత్తం ఊడొస్తుంది.

తుప్పు రెండు రకాలు. సూదిమొన లాంటి గోధుమరంగు చుక్కలుంటే కంగారు పడక్కర్లేదు, శుభ్రం చేసుకోవచ్చు. పొర ఉబ్బి పెచ్చులుగా లేస్తుంటే మాత్రం ఇంట్లో చేసేది ఏమీ లేదు, మళ్లీ ప్లేటింగ్ చేయించాల్సిందే, దానికి పాత పూత మొత్తం తీసి, పాలిష్ చేసి, నికెల్, క్రోమ్ వేయాలి, ఒక్కోసారి టేబుల్ ఖరీదు కన్నా అదే ఎక్కువ అవుతుంది. బేరం ఆడేముందే ప్లేటింగ్ షాపులో రేటు కనుక్కోండి. కాళ్ల అడుగున, పైపు చివర మూతల లోపల, గాజు ఆనే చోట్ల తప్పకుండా చూడండి, నీళ్లు నిలిచేది అక్కడే.

గాజు చెక్ చేయడం

ముందు మందం కొలవండి. 8, 10, 12, 15 మిల్లీమీటర్లు మామూలుగా కనపడే సైజులు. బరువు లెక్క తేలిక, చదరపు మీటరుకి ప్రతి మిల్లీమీటరు మందానికి రెండున్నర కిలోలు. అంటే 120 సెంటీమీటర్ల పొడవు, 70 వెడల్పు, 10 మిల్లీమీటర్ల మందం ఉన్న టీపాయ్ గాజు 21 కిలోలు. ఎత్తడానికి ఇద్దరు కావాలని ముందే అనుకోండి.

రెండోది, టఫెండ్ గ్లాసా (వేడి చేసి గట్టిపరిచిన గాజు) కాదా. పాత టేబుల్స్‌లో చాలావాటికి మామూలు గాజే ఉంటుంది, పగిలితే కత్తుల్లాంటి పొడుగు ముక్కలవుతుంది. మూలలో చిన్న ముద్ర ఉంటే టఫెండ్ అని తెలిసిపోతుంది, లేకపోతే పోలరైజ్డ్ కళ్లద్దాలు పెట్టుకుని పగటి వెలుతురులో ఏటవాలుగా చూడండి, నల్లటి మచ్చలో చారలో కనపడితే టఫెండ్. ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే, గాజు మామూలుదైతే, అడుగున సేఫ్టీ ఫిల్మ్ వేయించండి, లేదంటే గాజు మార్చేయండి, ఇందులో మొహమాటం వద్దు.

మార్చేటప్పుడు ఒక్కటి గుర్తుంచుకోండి, టఫెన్ చేశాక గాజుని కోయడం కుదరదు, రంధ్రం పెట్టడమూ కుదరదు, అన్నీ ముందే అయిపోవాలి. అట్టముక్క మీద అచ్చు గీసి, మూలల వంపు, రంధ్రాలు అన్నీ గుర్తులు పెట్టి ఇవ్వండి. మందం తగ్గించకండి, 12 ఉన్నచోట 8 పెడితే టేబుల్ చూపే పోతుంది. పాత గాజు పడేయకండి, అటక మీద భద్రంగా పెట్టండి, రేపు అమ్మాలంటే ఒరిజినల్ గాజు ఉందా అని అడుగుతారు.

1970ల పీసుల్లో పొగరంగు గాజు చాలా ఉంటుంది, బూడిదరంగు ఒకటి, కాఫీ రంగు ఒకటి. అంచు వైపు నుంచి చూడండి, గాజు లోపలే రంగు ఉంటే అసలుది, ఒక వైపే పొరలా ఉంటే తర్వాత అతికించిన ఫిల్మ్. గీతల మీద గోరు గీయండి, గోరు తట్టుకోకపోతే గాజు పాలిష్ చేసే సీరియం ఆక్సైడ్ పొడితో చాలావరకు తగ్గుతాయి, తట్టుకుంటే ఆ గీతతోనే బతకాలి, లోతుగా అరగదీస్తే గాజులో బొమ్మలు వంకరగా కనపడతాయి.

ఇక జాయింట్. గాజుకీ లోహానికీ మధ్య రబ్బరు బిళ్లలు కానీ పారదర్శకమైన సిలికాన్ బిళ్లలు కానీ ఉండాలి, గాజు నేరుగా స్టీల్ మీద ఆనకూడదు. రంధ్రాల్లోంచి బోల్టు వెళ్తే అక్కడ వాషర్, రబ్బరు బుష్ ఉన్నాయో లేదో చూసి, రంధ్రం చుట్టూ వెంట్రుకంత పగులైనా ఉందేమో టార్చ్ వేసి చూడండి. ఉంటే వదిలేయండి, ఎంత తక్కువకిచ్చినా సరే. మార్కూసో లాంటి అతికించిన టేబుల్స్‌లో బిళ్ల అంచున జిగురు పాలలా తెల్లబడటం, గాలిబుడగలు రావడం జరిగితే పట్టు వదులుతోందేమో అనుమానించండి. దాన్ని ఇంట్లో వాడే జిగురుతో అతికించే ప్రయత్నం అస్సలు చేయొద్దు, గ్లాస్-మెటల్ బాండింగ్ తెలిసినవాళ్లతోనే చేయించాలి.

ఇంటికి తెచ్చుకోవడం

గాజుని ఎప్పుడూ నిలబెట్టే తీసుకెళ్లాలి, పడుకోబెట్టకూడదు, పడుకోబెడితే రోడ్డు గుంతల్లో మధ్యలో ఒత్తిడి పడుతుంది. అంచులకి థర్మాకోల్ పట్టీలు, మూలలకి అట్ట మూతలు, మొత్తం దుప్పటి చుట్టి కట్టండి. ఫ్రేమ్‌ని విడిగా కట్టాలి. స్క్రూలన్నీ ఒక కవర్‌లో వేసి ఫ్రేమ్‌కే కట్టేయండి, పాత మెట్రిక్ స్క్రూ తల ఆకారం ఒక్కటి తేడా వచ్చినా గాజులోంచి కనపడుతుంది.

విదేశం నుంచి హైదరాబాద్‌కో విజయవాడకో పంపాలనుకుంటే, గాజు మామూలు తెల్లటి దీర్ఘచతురస్రం అయితే ఫ్రేమ్ మాత్రమే పంపి గాజు ఇక్కడే చేయించుకోవడం మంచిదని నా అభిప్రాయం. వంపు గాజు, పొగరంగు గాజు, ఏటవాలు అంచు గాజు అయితే మాత్రం ఖర్చయినా అదే తెచ్చుకోండి.

శుభ్రం చేయడం

ముందు పొడి మెత్తటి గుడ్డతో దుమ్ము తీసేయండి, దుమ్ముతోనే తడి గుడ్డ రుద్దితే ఆ ఇసుకే గీతలు పెడుతుంది. తర్వాత గోరువెచ్చటి నీళ్లలో గిన్నెలు కడిగే లిక్విడ్ ఒక చుక్క వేసి పాత బనియన్ గుడ్డతో తుడిచి, వెంటనే పొడి గుడ్డతో ఆరబెట్టండి. క్రోమ్‌కి నెలనెలా చేయాల్సింది ఇంతే.

తుప్పు చుక్కలకి వంటింట్లో వాడే అల్యూమినియం ఫాయిల్ ముక్కని ఉండలా నలిపి నీళ్లలో ముంచి మెల్లగా రుద్దండి. అల్యూమినియం క్రోమియం కన్నా మెత్తన కాబట్టి గీతలు పడవు, తుప్పు మాత్రం నల్లటి ముద్దలా వచ్చేస్తుంది. తుడిచి, మంచినీళ్లతో కడిగి, బాగా ఆరనిచ్చి, కారుకి పూసే కార్నౌబా వ్యాక్స్ పలచగా పట్టించండి. ఈ వ్యాక్స్ స్టెప్ వదిలేస్తే తుప్పు మళ్లీ అదే చుక్క దగ్గర మొదలవుతుంది, ఎందుకంటే కింద స్టీల్ దాకా రంధ్రం అలాగే ఉంది. పెచ్చులు లేచిన చోట మాత్రం ఫాయిల్ పెట్టకండి, ఆ పెచ్చులు చెయ్యి కోసేస్తాయి.

బాత్రూమ్ యాసిడ్, బ్లీచింగ్ ఉన్న లిక్విడ్లు, ఉప్పు కలిపిన చింతపండు, వీటిలో ఏదీ క్రోమ్‌కి తగలకూడదు. ఇత్తడి బిందె మెరిసిందని దీనికీ చేద్దామనిపిస్తుంది, కానీ ఉప్పు లోపలికి దిగితే నికెల్‌నే తినేస్తుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్లలో గాలిలోనే ఉప్పుంటుంది కాబట్టి అక్కడివాళ్లు వారానికోసారి తుడవాలి, రెండు మూడు నెలలకోసారి వ్యాక్స్ పెట్టాలి, బాల్కనీలో అయితే అసలు పెట్టొద్దు.

గాజు మీద బోరు నీళ్ల తెల్ల మచ్చలకి వెనిగర్, నీళ్లు సగం సగం కలిపి గుడ్డకి అద్ది తుడవండి, గాజు మీద స్ప్రే చేస్తే అంచుల నుంచి జారి ఫ్రేమ్ సందుల్లోకి వెళ్తుంది. ప్లియా లాంటి ప్లాస్టిక్ కుర్చీలకి గ్లాస్ క్లీనర్ వాడొద్దు, అందులోని అమోనియా, ఆల్కహాల్ వల్ల సన్నటి పగుళ్లు వస్తాయి, సబ్బు నీళ్లే చాలు. ఎండ తగిలే కిటికీ పక్కన కూడా పెట్టొద్దు, పసుపెక్కిన ప్లాస్టిక్ మళ్లీ తెల్లబడదు.

హాల్లో ఎక్కడ పెట్టాలి

గాజు, క్రోమ్ రెండూ చుట్టూ ఏముంటే దాన్నే చూపిస్తాయి, వాటికి సొంత రంగు లేదు. అందుకని కింద ఏం పరిచారన్నది చాలా ముఖ్యం. తెల్లటి విట్రిఫైడ్ టైల్స్ మీద నేరుగా పెడితే టేబుల్ కనపడకుండా పోతుంది, రాత్రి లైట్లు వేస్తే మరీ చల్లగా ఉంటుంది. ఒక ముదురు రంగు కార్పెట్టో, మన వరంగల్ దరీనో వేసి దాని మీద పెట్టండి, దరీ డిజైన్ గాజులోంచి కనపడుతూ పైపుల మీద వంగి తిరుగుతుంటే అప్పుడు తెలుస్తుంది ఈ ఫర్నిచర్ పని ఏంటో. చిన్న ఫ్లాట్లలో ఇది ఇంకా బాగా పనికొస్తుంది, చూపు బల్ల దాటి గోడ దాకా వెళ్లిపోతుంది కాబట్టి గది ఇరుకనిపించదు.

హాలంతా క్రోమ్‌తో నింపకండి. ఒక టీపాయ్, మహా అయితే పక్కన ఒక ల్యాంప్. ల్యాంప్ అంటే అకీల్లె, పియెర్ జాకొమో కాస్తిల్యోని అన్నదమ్ములు 1962లో ఫ్లోస్ కంపెనీకి చేసిన ఆర్కో మొదట గుర్తొస్తుంది, పాలరాతి దిమ్మ నుంచి స్టీల్ కడ్డీ విల్లులా వంగి టేబుల్ మీదకి వస్తుంది. ఆ దిమ్మ 60 కిలోలు దాటుతుంది, అందుకే దానికి ఒక రంధ్రం పెట్టారు, చీపురు కర్ర దూర్చి ఇద్దరు ఎత్తడానికి. మిగతా సామాను చెక్క, నూలు, పేము లాంటివి ఉంచండి, మెరుపు పక్కన మెరవనిది ఉండాలి.

పైపు కాళ్ల చివర రబ్బరు మూతలు అరిగిపోయి ఉంటే బయటి వ్యాసం కొలుచుకుని హార్డ్‌వేర్ షాపులో కొత్తవి తెచ్చి వేయండి, నల్లవి కాకుండా పారదర్శకమైనవి అడగండి. గాజు కింద బిళ్లలు కూడా ఏడాదికోసారి తీసి చూసి, గట్టిపడి ఉంటే అన్నీ ఒకేసారి మార్చండి, ఒక్కటే మారిస్తే ఎత్తు తేడా వచ్చి గాజు ఊగుతుంది.